ఇద్దరు ఆడాల్సిన పడవ ఆట

2023 వానాకాలంలో, నెల్లూరు జిల్లా కోటలో ఉన్న నా కంప్యూటర్ రిపేరు షాపుకు ఒకామె పాలిథీన్ కవరులో చుట్టిన క్యాసెట్టు తెచ్చింది. నా పని చాలావరకు రొయ్యల మేత కొట్ల బిల్లింగ్ మెషీన్లు, ప్రింటర్లు. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. పాత మాన్యువల్స్ చదివి, కొలిచి, లెక్క కుదిరేదాకా మళ్లీ కొలిచి నేర్చుకున్నాను. పాతకాలపు కంప్యూటర్ ఆటలను ఇప్పటి మెషీన్ల మీద నడపడం నాకు సరదా. ఆ సంగతి ఎవరో చెబితే ఆమె వాకాడు నుంచి వచ్చింది.

ఆమె పేరు సుగుణ. బట్టలు కుట్టుకుంటూ ఒక్కతే ఉంటుంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న శ్రీహరికోటలో ఎలక్ట్రీషియన్. బదిలీ మీద వెళ్తున్న ఆఫీసరొకాయన తమ హోమ్ కంప్యూటర్‌ను ఆయనకు ఇచ్చేశాడు. యంత్రమంతా కీబోర్డులోనే ఉండి, టీవీకి తగిలించుకునే రకం అది. ప్రోగ్రామ్‌ను కూతలుగా మార్చి మామూలు టేపు రికార్డరులో దాచేది.

"మిషను ఉప్పుగాలికి తుప్పు పట్టిపోయింది అబ్బయా. ఇదొకటే మిగిలింది. నేనూ మా తమ్ముడు దావీదూ కలిసి చేసిన ఆట ఇందులో ఉండాది."

"ఏం ఆటక్కా?"

"పడవాట. వాడు పడవ తోలాల, నేను వలెయ్యాల. ఒకరితో అయ్యేది కాదు."

దావీదు ఇప్పుడు చెన్నైలో ఏసీలు బిగిస్తాడు. అమ్మ పోయాక ఇద్దరికీ మాటలు బాగా తగ్గిపోయాయి. "నేను పలకరిస్తే పొడిపొడిగా మాట్లాడతాడు. ఇది చూపిస్తే మళ్లీ పాతవాడైపోతాడేమోనని," అంది.

ఎమ్యులేటర్ అంటే పాత యంత్రంలా ప్రవర్తించే ప్రోగ్రామ్. దానికి క్యాసెట్టులోని కూతలు వినిపిస్తే ఆట తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. కూతల వేవ్‌ఫామ్‌ను, అంటే ధ్వని అలల బొమ్మను, తెర మీద పరిచి కొలిచాను. ఒకే స్థాయిలో ఉండాల్సిన కూత పోనుపోను కీచుగా మారుతోంది. టేపు చెడితే ఇంత క్రమంగా చెడదు. సుగుణక్కకు ఫోన్ చేశాను.

"టేపు రికార్డరు కరెంటు మీద నడిపేవాళ్లా, సెల్లుల మీదా?"

"సెల్లులే. అవీ అయిపోయినవే! మిద్దె మీద ఎండుచేపల పక్కన ఎండబెట్టి మళ్లీ వేసేవాడు మావాడు. చేపలకు నేను కాపలా, సెల్లులకు వాడు కాపలా." మొదటిసారి ఆమె నవ్వు విన్నాను.

ఎండబెట్టిన సెల్లు కొంచెంసేపు ఓపిక తెచ్చుకుని నీరసపడుతుంది. రికార్డరు నెమ్మదించిన కొద్దీ కూతలు టేపు మీద దగ్గరదగ్గరగా పడ్డాయి. ముక్కముక్కకూ నిష్పత్తి కట్టి వాటిని సాగదీశాను. ఆట తెరుచుకుంది. నీలం తెర, అక్షరాలతో కట్టిన పడవ, చేపలకు బదులు చుక్కలు. పైన ఇంగ్లీషు అక్షరాల్లో ఇద్దరి పేర్లు.

సుగుణక్క వచ్చి, చూసి, పడవ ఉన్నచోట తెరను వేలితో తాకింది. వెంటనే తమ్ముడికి వీడియో కాల్ చేసి ఫోను అటు తిప్పింది.

"ఇదిగో చూడరా దావీదూ!"

"ఏందక్కా అది?"

"మన పడవాటరా! నువ్వు తోలతా ఉంటివే!"

"నేనా? ఏ ఆట?" అతను కళ్లు చికిలించి చూశాడు. "నాకేం గుర్తులేదక్కా. సైట్‌లో ఉండాను. మళ్లీ చేస్తాలే. బాగుండావు కదా?"

కాల్ ఆగింది. తెర మీద పడవ ఒడ్డునే ఉంది. తోలేవాళ్ల కోసం ఆ ప్రోగ్రామ్ ఎంతసేపైనా అలాగే ఆగుతుంది.

"వాడు అబద్ధమాడలేదు అబ్బయా," అంది ఆమె. "ఇన్నాళ్లూ కోపమనుకున్నా. కోపమైనా బాగుండు. వాడికి నిజంగానే గుర్తులేదు."

కీబోర్డు నా వైపు జరిపి అడిగింది: "నువ్వు తోలతావా?"

పక్కన కూర్చుని తోలాను. ఒక్కడినే ఆడే ఆటలే అలవాటైన చేతులు నావి. "ఎడమకి! ఎడమకి! యాడికి పోతా ఉండావు? చేపలు అటుండాయి కదా సామీ!" అని కసిరింది. రెండుసార్లు ఒడ్డుకు గుద్దాను. మూడోసారి ఆమె వలలో నాలుగు చుక్కలు పడ్డాయి. ఆమె చప్పట్లు కొట్టబోయి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

పెన్ డ్రైవ్‌లో వేసిచ్చాను. తీసుకోలేదు. "ఒక్కదాన్నే ఏం చేసుకునేది? నీకాడే ఉండనీ. పనిమీద ఇటొస్తే వలేసి పోతాలే." ఇంతవరకు రాలేదు.

ఆట తెరుచుకోగానే నా పని పూర్తయిందని లెక్క వేసుకున్నాను. యంత్రం వరకు ఆ లెక్క సరైనదే. ఇప్పుడు ఇలాంటి పని ఎవరైనా తెస్తే, క్యాసెట్టు చేతిలోకి తీసుకునే ముందు ఒకటి అడుగుతాను: ఇది నడిచాక ఎవరికి చూపిస్తారో, వాళ్లకిది గుర్తుందా? కొందరు ఠక్కున ఉందంటారు. చెప్పలేక ఆగిపోయినవాళ్లు తిరిగి తీసుకోవడానికి వచ్చే రోజున, పక్కన కూర్చోవాల్సి వస్తుందేమోనని నేను ఇంకో పని పెట్టుకోను.