గ్రైండింగ్ మిషన్ పక్కన గొడుగు

మూడేళ్ల కిందటి మాట. సార్వా ధాన్యం మిల్లులకు చేరుతున్న రోజులు. రేపల్లె రైస్ మిల్లు యజమాని కోటేశ్వరరావు గారు విరిగిన షాఫ్టు ఒకటి, అంటే మిల్లును తిప్పే ఇనుప ఇరుసు, పట్టుకుని తెనాలిలో మా లేత్ షాపుకు వచ్చారు. అది మేం చేసిందే. అంతకు ముందుదీ అలాగే విరిగింది.

"ఏంటయ్యా మస్తానూ, ఇది ఇనుమా, జంతికా? మిల్లు ముందు బస్తాలు గుట్టలు పడ్డాయి. ఇంకోటి విరిగితే రైతులు పక్క మిల్లుకి పోతారు, నేను ఇంకో షాపుకి పోతా!"

మా నాన్న కాలం నుంచీ వస్తున్న మనిషి. విరిగిన ముక్కను వెంటనే బల్ల మీదకు తీసుకున్నాను.

షాఫ్టుకు ముందు హార్డెనింగ్ చేయిస్తాం. అంటే కాల్చి చల్లార్చి పైపొరను గట్టిపరచడం. తర్వాత బేరింగ్ కూర్చునే చోటును గ్రైండింగ్ రాయితో కొలతకు తెస్తాం. విరిగిన చోటు పక్కన ఆసిడ్ రాసి చూస్తే నల్ల మచ్చలు, సన్నటి బీటలు తేలాయి. రాయి రాపిడి వేడికి పైపొర మాడిపోయింది. కూలెంట్, అంటే చల్లబరిచే నూనె నీళ్లు, ధారగా పడితే అలా మాడదు.

విచిత్రమేంటంటే, అదే స్టీలుతో, అదే మిషన్ మీద మా తమ్ముడు కరీం చేసిన బాపట్ల మిల్లు షాఫ్టు నిక్షేపంలా తిరుగుతోంది. అది బస్సు పార్సిల్‌లో వచ్చి, పార్సిల్‌లోనే వెళ్లింది. కోటేశ్వరరావు గారు మాత్రం పని అయ్యేదాకా మిషన్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటారు. అదీ ఇస్త్రీ నలగని తెల్లపంచెతో.

"కరీం, ఆయన ఉన్నప్పుడు కూలెంట్ ఎంత వదిలావురా?"

"సన్నగా తిప్పా భాయ్. పెద్దాయన పంచె మీద ఆ నీళ్లు చిందితే ఏం బాగుంటుంది?"

పాపం, వాడి మర్యాదే షాఫ్టును మాడ్చింది. పెద్దాయనకు ఈ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది.

"బాబాయిగారూ, ఈసారి మీరు కాస్త దూరంగా కూర్చోవాలండి. మీ పంచె తడవకూడదని మావాడు షాఫ్టుని కూడా తడవనివ్వలేదండి."

ఆయన పగలబడి నవ్వారు. "అయితే నా మిల్లుని ఆపింది నా పంచేనా! కానీ దగ్గరుండి చేయించుకోకపోతే నాకు తోచదయ్యా."

కొత్త షాఫ్టుకు కరీం కూలెంట్ పూర్తిగా తిప్పి, రాయిని తొందరపెట్టకుండా కొంచెం కొంచెంగా కోత ఇచ్చాడు. పక్కన అదే స్టూలు మీద, తెరిచిన నల్ల గొడుగు అడ్డం పెట్టుకుని కోటేశ్వరరావు గారు! షాపంతా ఒకటే నవ్వులు.

ఆ షాఫ్టు ఇప్పటికీ తిరుగుతోంది. అప్పటి నుంచి ఏది విరిగి వచ్చినా స్టీలు, వేడి, కోత చూసుకున్నాక, పని జరిగేటప్పుడు పక్కన ఎవరున్నారని కూడా అడుగుతున్నాను.

ఆ రోజు వెళ్లబోతూ ఆయన తడిసిన గొడుగును మా గోడ మేకుకు తగిలించారు. మరిచిపోతున్నారని పిలిచాను.

"ఉండనీవయ్యా, మళ్లీ వస్తాగా!" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.