వియ్యపురాలిని గుమ్మంలో ఆపేసిన ఫ్లూ జ్వరం

మా చిన్నప్పుడు తిరువూరులో ఒకరికి జ్వరమొస్తే వాళ్ల మంచం చుట్టూ ఊరంతా ఉండేది... ఒకరు నుదురు పట్టి చూసేవాళ్లు, ఒకరు కాళ్లు పిసికేవాళ్లు, ఇంకొకరు పక్కనే చతికిలబడి తమ ఇంట్లో అంతకంటే పెద్ద జ్వరం ఎవరికొచ్చిందో చెప్పేవాళ్లు. పలకరించడానికి రాకపోతే మాట పడాల్సిందే.

ఈ పలకరింపుల్లో మా నాయనమ్మని మించినవాళ్లు లేరు. విస్సన్నపేటలో ఏ దూరపు చుట్టానికో ఒళ్లు వెచ్చబడిందని తెలిసినా నిమ్మకాయలు సంచిలో వేసుకుని బస్సెక్కేసేది. తను మంచం పట్టినప్పుడు రానివాళ్ల పేర్లయితే ఆవిడకి ఏళ్ల తరబడి గుర్తుండేవి!

డెబ్బైల్లో ఒక వానాకాలం చివర... మా వీధి వీధంతా దగ్గు. ఒళ్లు నొప్పులు, కళ్లు మంటలు, పడుకున్నవాళ్లు లేవలేకపోవడం. "గాలి మారింది" అనుకున్నారు పెద్దవాళ్లు. మా నాన్న చెల్లెలు రత్నం అత్త అప్పుడే తొలి కాన్పుకి మా ఇంటికి వచ్చి ఉంది. నాయనమ్మ ఎప్పటిలాగే జ్వరంతో ఉన్న ఎదురింటావిడ దగ్గర కూర్చుని, ముఖం తుడిచి, జావ తాగించి ఇంటికొచ్చింది... ఆ చేతులతోనే అత్తకి తల దువ్వి జడ వేసింది. రెండ్రోజులకే అత్తకి జ్వరం.

కడుపుతో ఉన్న పిల్లకి జ్వరమంటే ఊరుకుంటారా! వీధంతా మా ఇంట్లోనే. చలిగాలి తగులుతుందని కిటికీలు మూసేశారు. ఆ గదిలో నీలగిరి తైలం వాసన, అందరి దగ్గులు. జ్వరంలో అన్నం పెట్టకూడదని అత్తకి బార్లీ నీళ్లు తప్ప ఏమీ ఇవ్వలేదు. ఓ పొద్దున అత్తకి మాటకీ మాటకీ మధ్య ఆయాసం మొదలైంది. మా అమ్మ ముఖం చూసి నాకు భయమేసింది.

నాన్న పరుగున వెళ్లి బస్టాండు దగ్గరుండే డాక్టరుగారిని రిక్షాలో తీసుకొచ్చాడు. ఆయన గది చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇది రోగి గదా, పెళ్లిల్లా? అందరూ బయటికి నడవండి ముందు! ఆ కిటికీలు తీయండి!"

అత్త వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. ఇంజెక్షను చేసి వసారాలోకి వచ్చాడు.

"ఇది ఫ్లూ. పరీక్ష చేసి చెప్పే వీలు ఇక్కడ లేదుగానీ, వీధంతా ఒకటే బాధతో మూలుగుతుంటే వేరే చెప్పాలా? ఫ్లూని చంపే మందు నా దగ్గర లేదండీ. ఒంట్లో సత్తువే దాంతో పోరాడాలి, మీరేమో పిల్ల కడుపు మాడుస్తున్నారు! జావ, పాలు, మెత్తటి అన్నం పెట్టండి. దీనికి తోడు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, ఈ ఇంజెక్షన్లు దానికి. ఆయాసం పెరిగినా, పెదాలు నీలంగా మారినా నా కోసం చూడకుండా బెజవాడ తీసుకెళ్లిపోండి. కడుపులో బిడ్డ కూడా ఉంది."

తర్వాత నాయనమ్మ వైపు తిరిగాడు. "ఒక్కరే దగ్గరుండండి, మూతికి గుడ్డ కట్టుకుని. ఇంకెవర్నీ రానివ్వద్దు పెద్దమ్మగారూ. పలకరించడానికి తిరిగేవాళ్లతోటే ఇది తిరుగుతోంది."

నాయనమ్మ తన చేతులకేసి చూసుకుంది. కాసేపటికి పీట తెచ్చుకుని వీధి గుమ్మంలో కూర్చుంది.

వచ్చినవాళ్లని వచ్చినట్టే పంపించేసింది. కొందరు మూతి ముడుచుకుని వెళ్లారు. అదంతా ఒక ఎత్తు... మధ్యాహ్నం గంపలగూడెం బస్సు దిగి అత్త వాళ్ల అత్తగారు రావడం ఒక ఎత్తు. వియ్యపురాలు! ఎదురెళ్లి, కాళ్లకి నీళ్లిచ్చి లోపలికి తీసుకురావాల్సిన మనిషి. మర్యాదలో కాస్త తేడా వచ్చినా ఆ దెప్పులు రేపు పడాల్సింది అత్తే. అమ్మా నాన్నా బిగుసుకుపోయారు.

నాయనమ్మ లేచి గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వదినగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. లోపలికి రావద్దండీ."

"నా కోడలు అలా ఉంటే నేను చూడకూడదా? ఏంటండీ ఈ మర్యాద?"

"డాక్టరుగారు వద్దన్నారండీ. నేనే ఈ చేతుల్తో అంటించాను దానికి. ఇంకా జనాన్ని రానిస్తే నా పిల్ల నాకు దక్కదు."

"నేను జనాన్నా!" అందావిడ. అంతే, గిరుక్కున తిరిగి బస్టాండుకేసి నడిచింది. మంచినీళ్లు కూడా ముట్టలేదు. నాయనమ్మ పీట మీద కూలబడి ఏడ్చింది గానీ గుమ్మంలోంచి లేవలేదు.

ఆ రోజంతా అమ్మ మూతికి గుడ్డ కట్టుకుని చెంచాతో జావ పడుతూనే ఉంది. బెజవాడకి మాట్లాడిన టాక్సీ వీధిలో సిద్ధంగా ఉంది. అత్త ఊపిరి చప్పుడు వసారాలోకి వినిపిస్తుంటే నేను చెవులు మూసుకునేదాన్ని. మర్నాడు డాక్టరుగారు మళ్లీ ఇంజెక్షను చేసి వెళ్లాక, అత్త మెల్లగా "వదినా, ఆకలేస్తోంది" అంది. అమ్మ బయటికొచ్చి గోడకానుకుని భోరుమంది. టాక్సీ వెనక్కి వెళ్లిపోయింది.

నెల దాటాక అత్తకి ఆడపిల్ల పుట్టింది. గంపలగూడేనికి కబురు పంపారు. ఆవిడ వస్తుందో రాదోనని నాయనమ్మ సరిగ్గా అన్నం కూడా తినలేదు. బారసాల నాడు వచ్చింది... వచ్చి గడప అవతలే నిలబడింది.

"ఆ రోజు ఇంటికెళ్లగానే నేనూ మంచం పట్టాను వదినగారూ. ఇక్కడికి బయల్దేరేటప్పటికే ఒళ్లు వెచ్చగా ఉంది. వానలో తడిసినందుకేమో అనుకున్నాను" అంది. గడప వైపు చూసి అడిగింది, "ఇప్పుడు దగ్గు లేదు... రావచ్చా?"

నాయనమ్మ ఆవిణ్ని రెండు చేతులా పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, పాపని ఒళ్లో పెట్టింది.

ఈమధ్య మా అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ ఫ్లూ టీకా వేస్తుంటే ఇదంతా కళ్లముందు తిరిగింది. ఇప్పుడు పరీక్షలున్నాయి, మందులున్నాయి, టీకాలున్నాయి. ఎంత మంచి రోజులో! మీ ఇళ్లల్లో అప్పటి జ్వరాలు, పలకరింపులు ఎలా ఉండేవో కింద రాయండి, చదవాలనుంది...

మొన్న నాకూ ఫ్లూ వచ్చింది. త్వరగా కోలుకోవాలంటూ ఫోన్లో దండాల బొమ్మలు బోలెడు వచ్చాయి. మూతికి గుడ్డ కట్టుకుని, ఎవరైనా వస్తే ఎలా ఆపాలా అని భయపడ్డాను... ఆపాల్సిన పనే పడలేదు.