సబ్బు ఏనుగు కోసం చెప్పిన అబద్ధం

మంచుకొండల్లోని ఆర్మీ పోస్టుకు చేరేసరికి పగలు పదకొండున్నర. ఎత్తు పదహారు వేల అడుగులు. బేస్ నుంచి నాలుగు రోజుల నడక, వీపు మీద ఇరవై రెండు కిలోలు. మంచులో సగం పూడిన ఫైబర్ గుడిసె, దాని ముందు దారి తప్పకుండా కట్టిన తాడు, ఒక యాంటెన్నా. తొంభై రోజులు అదే మా ఇల్లు.

ఆరుగురం. సుబేదార్, రేడియో ఆపరేటర్, ఇద్దరు గన్నర్లు, వంటాయన, నేను. వంటాయనది ప్యాపిలి, నాది ఆళ్లగడ్డ. మొదటి రోజే టీ గ్లాసు అందిస్తూ, "ఆళ్లగడ్డనా? అయితే రాళ్లు చెక్కేటోళ్లే మీరు" అన్నాడు. నిజమే. మా నాయన రాతి విగ్రహాలు చెక్కేవాడు. నాకు ఉలి పట్టుబడలేదు కానీ చేయి ఊరుకునేది కాదు. బట్టల సబ్బు, చాకు ఉంటే ఏదో ఒకటి చెక్కుతూ కూర్చునేవాణ్ని.

పొద్దున ఐదుకు పైకప్పు మీది మంచు తోయాలి. రెండేసి గంటల కాపలా. మధ్యాహ్నం వాలు కింద ఆరు వందల మీటర్ల దూరంలో ఉన్న సరుకుల డంపు నుంచి కిరసనాయిలు మోయాలి. అది వంతులవారీగా.

నలభై ఒకటో రోజు వంతు నాది. సుబేదార్ ఆర్డరు: ఇద్దరు, నాలుగు డబ్బాలు, ఒంటిగంటన్నరకు బయలుదేరి మూడున్నరలోపు వెనక్కి. అప్పుడు నా చేతిలో సబ్బు ఏనుగు ఉంది, నా బిడ్డ కోసం. ఆ చలికి సబ్బు రాయిలా ఉంటుంది. స్టవ్ దగ్గర వెచ్చబెట్టి, చల్లారేలోపు చెక్కాలి. అప్పటికే రెండు పగిలిపోయాయి. ఇది తొండం దాకా వచ్చింది.

"మడమ బెణికింది సార్" అన్నాను.

సుబేదార్ నా కాలు వైపు చూశాడు. వంటాయన గరిటె పక్కన పెట్టి బూట్లు తొడుక్కున్నాడు.

"నువ్వు ఈడనే ఉండప్పా. పప్పు మాడకుండా సూసుకో, నేను పోయొస్తా."

మూడింటికి గాలి పెరిగింది. మూడు యాభైకి రేడియోలో వెంట వెళ్లిన గన్నర్ గొంతు: "డబ్బా కారింది. వంటాయన గ్లవ్ కిరసనాయిలుతో తడిసిపోయింది. చేతికి స్పర్శ లేదంటున్నాడు."

"డబ్బాలు వదిలేసి రండి" అన్నాడు సుబేదార్.

నాలుగున్నరకు వాళ్లు కనబడ్డారు. నేను తాడు వెంట పరుగెత్తాను. నా మడమ సంగతి నాకు గుర్తు లేదు. చూసినవాళ్లందరికీ గుర్తుంది.

గ్లవ్ తీస్తే వేళ్లు చలికి గడ్డకట్టి మైనంలా ఉన్నాయి. వంటాయన వాసన పట్టాడు. "పప్పు మాడబెట్టినావు గదప్పా" అన్నాడు. హెలికాప్టర్ రావడానికి రెండు రోజులు పట్టింది. ఆస్పత్రిలో ఆయన కుడిచేతి నాలుగు వేళ్లు తీసేశారు.

డ్యూటీ ముగిశాక సెలవు మీద నంద్యాలలో రైలు దిగాను. ఏనుగు నా సంచిలో చెక్కుచెదరకుండా ఉంది. బిడ్డ దాన్ని రెండు స్నానాలకు అరగదీసింది. నేను మళ్లీ సబ్బు మీద చాకు పెట్టలేదు. ఆర్మీ నుంచి రిటైరై, ఇప్పుడు విత్తనాల గోదాములో కాపలా ఉద్యోగం. ఇప్పటికీ ఐదుకే లేస్తాను, దుప్పటి నాలుగు మడతలు పెడతాను. నా భార్య నవ్వుతుంది. బళ్లలో పిలిచి మాట్లాడమంటే మంచు గురించి చెబుతాను. శాలువా కప్పుతారు, కప్పించుకుంటాను.

ఆ సెలవులోనే ప్యాపిలి వెళ్లాను. వంటాయన వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టాడు. దారంతా కూడబెట్టుకున్న మాట పక్కన పెట్టి వానల గురించి అడిగాను. ఆయనే అన్నాడు.

"నీ కాలు బాగుందని నాకు ఆ పొద్దే తెలుసు."

"మరి ఏంటికి పోతివన్నా?"

"బిడ్డకు చేస్తాండావని పోతి. ఇట్ల అయితాదని నాకేం తెలుసు?"

క్షమించమని అడగాల్సింది అప్పుడే. నేను బస్సు టైమయిందని లేచాను.

ఆయన లోపలికి వెళ్లి చిన్న సంచిలో శనక్కాయలు పోసుకొచ్చాడు, నా బిడ్డకని. సంచి మూతికి పురికొస చుట్టాడు, జారిపోయింది. మళ్లీ చుట్టాడు. నేను చేయి చాపాను. సంచి తనవైపు లాక్కున్నాడు. తల వంచి, పురికొస ఒక కొస పళ్ల మధ్య పట్టుకుని, మిగిలిన బొటనవేలితో సంచి మూతిని రొమ్ముకు నొక్కిపట్టి, ఎడమ చేత్తో ముడి బిగించాడు. చాలాసేపు పట్టింది. అంతసేపూ నేను రెండు చేతులూ వేలాడేసుకుని ఆయన ముందు నిలబడి ఉన్నాను.