అమ్మకు రెండోసారి నడక నేర్పిన సారు

మా అమ్మకు రెండోసారి నడక నేర్పిన ఫిజియోథెరపీ సారు పోయిన మంగళవారం గుండెపోటుతో చనిపోయారు. కామారెడ్డిలో ఆయన దగ్గర పనిచేసే అమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. ఈ మాట అమ్మకు ఎలా చేరవేయాలో తెలియక పొయ్యి ముందు నిలబడిపోయాను. చాయ్ పొంగిపోయింది. విన్నాక అమ్మ ఏడవలేదు. "బస్సు ఎన్నింటికున్నది బిడ్డా?" అని మాత్రం అడిగింది.

మాది ఎల్లారెడ్డి. అమ్మ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. ఒళ్లో చాట, వంచిన మెడ, ముందుకు ఒంగిన నడుము. ఇంకోలా కూర్చున్న అమ్మ నాకు గుర్తే లేదు. నొప్పి ఎక్కువై పక్క మీద అటూ ఇటూ తిరగలేని స్థితి వచ్చినప్పుడు, ఎవరో చెప్పారని మొదట నడుము విరిచి సరిచేసే ఒకాయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన బోర్లా పడుకోబెట్టి ఒక్క మెలి తిప్పాడు. టక్కుమని చప్పుడైంది. "పానం తేలికయింది" అంది అమ్మ. ఆ తేలిక రెండు రోజులే. మూడో రోజు నొప్పి కాల్లోకి దిగింది.

అప్పుడు వెళ్లాం సారు దగ్గరకు. ఆయన ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చచేసుకునేవారు, ఆ తర్వాతే నడుము మీద చెయ్యి వేసేవారు. "సల్లటి చెయ్యి పడితే కండ బిగుసుకుంటది అక్కా" అనేవారు. మొదటి రోజు నొప్పి ఎక్కడని అడిగి అంతటితో ఊరుకోలేదు. "రేపు చాట తెచ్చుకో. ఎట్ల కూసుంటవో చూస్త" అన్నారు.

మర్నాడు అమ్మ చుట్టి చూపించాక ఆయనే కింద కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకున్నారు. తునికాకు చినిగింది. తంబాకు ప్యాంటు మీద ఒలికింది.

"గిదేంది సారూ! ఇది బీడీ గాదు, చుట్ట గాదు" అని అమ్మ ఎన్నో నెలల తర్వాత నవ్వింది.

ఆయన నడుము పట్టుకుని లేచారు. "పావుగంటకే నాకు గింత గుంజుతున్నది. నలభై ఏండ్లు ఎట్ల మోసినవ్ అక్కా?"

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నొప్పి సంగతి చాలామంది విన్నారు. పని సంగతి అడిగింది ఆయనొక్కరే.

గోడకు ఆనుకుని కూర్చోమన్నారు. చాట కింద పీట వేయించారు. ఒక్కో కట్ట పూర్తయినప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయాలన్నారు. నడుముకు వైర్లు అంటించే కరెంటు మిషన్ చూసి అమ్మ భయపడితే, "ఇది నొప్పిని జర మరిపిస్తది, అంతే. మిగిలిందంత నువ్వు చేసే కసరత్తే" అన్నారు. అమ్మ కసరత్తు చేసినంతసేపూ పక్క బల్ల మీద పడుకుని, తన బొజ్జతో అవస్థపడుతూ ఆయన కూడా చేసేవారు.

నెలకు అమ్మ బాగానే తేరుకుంది. ఆ తర్వాత ఒక రోజు నొప్పి మళ్లీ తిరగబెట్టింది. క్లినిక్ లోపలికి నడిచి వస్తుంటే ఎడమకాలి చెప్పు వెనకే ఉండిపోయింది. అమ్మకు ఆ సంగతే తెలియలేదు. సారు చూశారు.

"గట్టిగ పట్టేసింది సారూ. ఆ నడుము విరిచినాయన లెక్క ఒక్కసారి టక్కుమనిపియ్యి, నీ కాల్మొక్త" అని అమ్మ బతిమాలింది.

ఆయన నడుము ముట్టుకోలేదు. కాలి వేళ్లు పైకి లేపమన్నారు. లేవలేదు. గొంతు తగ్గించి అడిగారు. "అక్కా, ఒంటికి మంచిగనే పోతున్నవా?"

అమ్మ తల దించుకుంది. "పొద్దటి సంది వస్తలేదు సారూ."

ఆయన నా వైపు తిరిగారు. "బిడ్డా, ఇది నా చేతులతోని అయ్యేది కాదు. వేళ్లు లేస్తలేవు, ఒంటికి బందయిందంటే లోపల నరాలు నలుగుతున్నట్టే. ఇప్పుడే హైదరాబాద్ పోవాలె. రేపంటే ఆలస్యమైతది."

తనకు తెలిసిన సర్జన్‌కు ఆయనే ఫోన్ చేశారు, ఆయనే కారు మాట్లాడారు. వైద్యం కోసం బయట కూర్చున్నవాళ్లకు దండం పెట్టి, ముందు సీట్లో కూర్చుని ఆసుపత్రి దాకా మా వెంట వచ్చారు. ఇంకొక్క రోజు ఆగి ఉంటే చేతులెత్తేయాల్సి వచ్చేదని ఆపరేషన్ చేసిన డాక్టరు మాతో అన్నారు.

అమ్మ ప్రాణంతో, రెండు కాళ్లతో ఇంటికొచ్చింది కానీ ఎడమ పాదం వేలాడుతూనే ఉండేది. ప్రతి ఆదివారం సారు ఎల్లారెడ్డి వచ్చేవారు. వాకిట్లో ఎదురుగా నిలబడి, అమ్మ రెండు చేతులూ పట్టుకుని, తాను వెనక్కి నడుస్తూ అమ్మను ముందుకు నడిపించేవారు. "కిందికి చూడకు. నన్ను చూడు." మూడు నెలలకు పాదం లేచింది.

"నీ చేతుల మహిమ సారూ" అంది అమ్మ.

"నా చేతులకు ఒక్కటే ఎరుక అక్కా, ఎప్పుడు పెట్టొద్దో" అన్నారాయన.

మంగళవారం మధ్యాహ్నానికి కామారెడ్డి చేరాం. ఇంటి ముందు షామియానా కింద చాపల మీద జనం నిండి ఉన్నారు. భిక్నూర్ వైపు లారీ డ్రైవర్లు, నాట్లేసే ఆడవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు. ఎక్కువమంది ఆయన దగ్గర బాగుపడినవాళ్లే. పాడె ఎత్తుతుంటే అందరూ లేచారు. ఎవరూ దిగ్గున లేవలేదు. ముందు పక్కకు తిరిగి, ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో తొడ మీద చెయ్యి ఊని, ఆయన నేర్పినట్టే నడుము వంగకుండా, మెల్లగా, ఒకరి తర్వాత ఒకరు. వాళ్ల మధ్య మా అమ్మ.