ప్లే డే నాటి పరుగు

మా అమ్మాయి ఎండనక, వాననక, ఒక్కరోజు కూడా ఆగకుండా ఉరికింది కాబట్టే కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చిందని కొత్తగూడెంలో మా క్వార్టర్ల వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. తమ పిల్లల్ని తెల్లారకముందే లేపడానికి ఆ కథను కర్రలాగా వాడుకుంటారు. ఆ కథ తప్పు. చర్చివాళ్ళు చెప్పేది ఇంకొకటి: ఆదివారాన్ని దేవునికి ఇచ్చింది, దేవుడు ఉద్యోగం ఇచ్చాడు. అదీ నేను ఒప్పుకోను. పక్కనే ఉండి చూసినదాన్ని నన్నెవరూ అడగలేదు కాబట్టి, అడక్కుండానే చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మా ఆయనది బొగ్గుబాయిలో పని. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. వారానికి ఒకరోజు బొగ్గు తియ్యడం ఆపుతారు. ఆ సెలవు పేరు ప్లే డే. మాకు అది ఆదివారం. ఆ రోజు డ్యూటీకి రమ్మని ఎవరు పిలిచినా మా ఆయన పోయేవాడు కాదు. "మనిషినే, మిషన్ను గాదు" అని యూనియన్ మీటింగులో మాట్లాడినట్టు మాట్లాడేవాడు.

అమ్మాయి కానిస్టేబుల్ సెలక్షన్లకు దరఖాస్తు పెట్టింది. అన్నిటికంటే ముందు పరుగు. వయసు హద్దుకు దగ్గరపడింది. ఈసారి తప్పితే ఆ ఉద్యోగం ఇక లేనట్టే. వారమంతా తనే గ్రౌండుకు పోయి ఉరికేది. ఆదివారం మాత్రం తండ్రి విజిల్ పట్టుకుని వెంట బయల్దేరేవాడు. తను విశ్రాంతి తీసుకునే ఒక్కరోజే కూతురిని అన్నిటికంటే ఎక్కువ ఉరికించేవాడు. ఈ చిత్రం ఆయనకు తట్టనే లేదు.

ఒక ఆదివారం పరుగు ముగించుకుని ఆలస్యంగా చర్చికి వచ్చింది. పాటకు అందరం లేచి నిలబడ్డాం. నా పక్కన ఆ పిల్ల బరువంతా ఎడమకాలి మీద మోపి, కుడికాలిని నేలకు ఆనీ ఆనకుండా కొంగలాగా నిలబడింది. ఇంటికొచ్చాక మోకాలి కింద ఎముక మీద వేలు పెట్టాను. అరవలేదు, పెదవి కొరుక్కుంది.

"ఎప్పటి సంది?"

"ఏం లేదమ్మా. డాడీకి చెప్పకు."

"చెప్పకపోతే నీ బదులు ఆయన ఉరుకుతడా?"

దవాఖానాలో డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఎముక విరగలేదు గానీ, ఇట్లాగే ఉరికితే చీలిక వస్తుందన్నాడు. కొన్నాళ్ళు పూర్తిగా ఆపి, ఆ తర్వాత వారానికి ఒకరోజు కాలిని వదిలెయ్యమన్నాడు. మా ఆయన చెవికి ఇది డాక్టరూ నేనూ కలిసి పన్నిన కుట్రలాగా సోకింది.

"ఆగితే దమ్ము పోతదే. మిగతా పిల్లలు ఆగుతున్నరా?"

"వాళ్ళ కాళ్ళ సంగతి నాకెందుకు? నీ బాయిల బొగ్గు టబ్బులు గుంజే ఇనుప తాడు ఉంది గదా, అది బాగుందో లేదో ఏనాడు చూస్తరు?"

"ప్లే డే నాడు."

"ఎందుకు? నడుస్తుండంగ చూడరాదా?"

"నడిచే తాడును ఎట్ల చూస్తరు? ఆపాలె గద..."

అని తనే ఆగాడు. నేను నోరు మూసుకుని గెలిచిన సందర్భాలు తక్కువ, దీన్ని పాడుచేసుకోదలచలేదు. "తాడు, కాలు ఒకటేనా" అని గొణుగుతూ విజిల్ తీసి మేకుకు తగిలించాడు.

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పిల్లకు సగంలోనే ఆయాసం వచ్చింది. మా ఆయన నా వైపు చూసిన చూపు మర్చిపోలేదు. ఉద్యోగం నా వల్లే పోతుందేమోనని నేనూ భయపడ్డాను. అయినా ఆదివారం మాత్రం చర్చికి తీసుకుపోయేదాన్ని. భక్తితో కాదు, అక్కడైతే కూర్చోక తప్పదని. మా పాస్టరు అయ్యగారి ప్రసంగం పొడవుగా ఉన్నందుకు మొదటిసారి స్తోత్రం చెప్పుకున్నాను. పోనుపోను సోమవారం పరుగే వారమంతటిలో బాగుండేది.

ఉరికిన రోజు కాలు అరుగుతుంది. ఆగిన రోజు తనను తాను మళ్ళీ కట్టుకుంటుంది. అరగడం అందరికీ కనబడుతుంది, కట్టుకోవడం కనబడదు. కనబడని పనికి మన ఇళ్ళల్లో పేరు సోమరితనం.

సెలక్షన్ ముందురోజు మా ఆయన ఉండబట్టలేకపోయాడు. "ఒక్క రౌండు ఏసొద్దాం దా బిడ్డా."

"రేపటిది రేపే ఉరుకుత డాడీ" అంది, కాళ్ళు చాపుకుని.

ఖమ్మంలో ఉరికింది, నెగ్గింది. ఉద్యోగం వచ్చాక మా ఆయన క్వార్టర్లంతా మిఠాయి పంచుతూ ఇంటింటికీ చెప్పాడు: "ఒక్కనాడు గూడ ఆగలె నా బిడ్డ." నేను పక్కనే ఉన్నాను.

"మరి ఆదివారాలు?"

"అది చెప్తే ఏం బాగుంటది?" అన్నాడు.

అదీ ఆ కథ పుట్టుక.

భద్రాచలం అవతల అడవి అంచు స్టేషన్లో పోస్టింగు ఇచ్చారు. వారానికి ఒక సెలవు ఉండాలి. బందోబస్తు పేరుతో అది ప్రతి వారం ఎగిరిపోయేది. మేము కాయిన్ బాక్స్ నుంచి స్టేషనుకు ఫోన్ చేస్తే మా ఆయన రిసీవర్ లాక్కుని మొదట అదే అడిగేవాడు. "ఆఫ్ ఇచ్చిన్రా బిడ్డా?"

"ఈ వారం గూడ లేదు డాడీ. నేను బాగనే ఉన్న."

నా చేతికి వచ్చినా అదే మాట. "ఏం లేదమ్మా" అన్న రోజు గొంతే అది. ఇంట్లోనైతే వాదించడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, చూడడానికి ఆ పిల్ల కాళ్ళు ఉన్నాయి. ఫోన్లో రెండూ లేవు. బాగానే ఉన్నానంటోంది సరే, ఏ కాలి మీద నిలబడి అంటోంది?