డెబ్భై ఎనిమిది మెట్లు

మిర్జోషరీఫ్ తజికిస్తాన్‌లోని ఖుజాంద్ వీధుల్లో ఇరవై ఏళ్లకు పైగా, కరెంటు తీగల కింద నడిచే ట్రాలీబస్సు నడిపాడు. అవి ఆగిపోయాక చిన్న బస్సు తోలాడు. అరవై ఒకటో ఏట, ద్రాక్ష కోతలప్పుడు, గడ్డం గీసుకుంటూ అద్దం ముందే కూలబడ్డాడు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట మాత్రం కాస్త ముద్దగా మిగిలింది.

"కాళ్లు మిగిలి నోరు పోయుంటే మీకందరికీ హాయిగా ఉండేది" అని తనే నవ్వేవాడు.

మా భవనంలో ఆయనది అయిదో అంతస్తు, నాది మూడు. భార్య ఎప్పుడో పోయింది. కూతురు జులైఖో పళ్ల డబ్బాల ఫ్యాక్టరీలో పని చేస్తూ ఆయన్ని చూసుకునేది. నేను బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాను. ఫ్యాక్టరీ వేళల్లో ఆయన్ని కనిపెట్టుకుని ఉండే పని నాకు పడింది. మాకు లిఫ్టు లేదు. ఆయన గుమ్మం నుంచి ముంగిలి దాకా డెబ్భై ఎనిమిది మెట్లు. కింద మల్బరీ చెట్టు నీడన ఇనుప బల్ల చుట్టూ చేరి డామినో ఆడే మిత్రబృందానికి ఆయనే పెద్ద.

చలికాలం మొదట్లో క్లినిక్ నుంచి ఫర్జోనా అనే అమ్మాయి వ్యాయామం చేయించడానికి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. సూటిగా మాట్లాడే మనిషి.

"అకో, మీకేం కావాలి?" అంది, అన్నని పిలిచినట్టు.

"వసంతంలో నౌరూజ్ పండక్కి నా కాళ్లమీద నేను నది ఒడ్డుకి నడిచెళ్లాలి."

"అది కోరిక. నాకు లక్ష్యం చెప్పండి. రెండు వారాల్లో అయ్యేది, అయిందో లేదో కంటికి కనబడేది."

"చూశారా టీచరమ్మా" అన్నాడు నా వైపు తిరిగి, "గుక్కెడు టీ తాగకుండానే నాకు పాఠం మొదలెట్టింది."

"పాఠం కాదు అకో. నది దాకా అంటే రెండో రోజుకే విసుగొస్తుంది. మంచం దిగడం అనుకోండి, దిగుతారు."

ఆయన ఆలోచించాడు. "సరే. నేనూ డ్రైవర్నేగా. స్టాపు తర్వాత స్టాపు."

నోటుపుస్తకం కాగితం మీద ఫర్జోనా తేదీలు వేసి రాసి, గోడకి అంటించింది. ఆనుకోకుండా కూర్చోవడం. కిటికీ పట్టుకుని లేవడం. గుమ్మం. మెట్ల మలుపులన్నిటికీ ఆయన తన పాత రూటు పేర్లు పెట్టాడు: ఆస్పత్రి, బజారు, వంతెన. అనుకున్న తేదీకి రెండు రోజుల ముందే గుమ్మం చేరాడు. ఆ రోజు జులైఖో పలావు వండి భవనమంతా పంచింది.

నౌరూజ్‌కి నది మాట ఎవరూ ఎత్తలేదు. మే నెలలో ఆయన మా గుమ్మం ముందుకి దిగాడు. ముప్ఫై ఆరు మెట్లు. కుర్చీ వేశాను. చెమటతో చొక్కా తడిసిపోయింది.

"వంతెన వచ్చేసింది, దిగేవాళ్లు దిగండి!" అని కేకేశాడు. తిరిగి ఎక్కడానికి గంట పట్టింది. దిగడమే గానీ ఎక్కడం ఆ కాగితంలో ఎవరూ రాయలేదని అప్పుడు తట్టింది నాకు. చెప్పలేదు. అంత సంతోషంగా ఉన్నవాడికి ఏం చెబుతాం?

జూన్‌లో ఒక రోజు నేను పళ్లు కొనడానికి బజారుకి వెళ్లాను. ఆయన ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. మా అంతస్తు దాటాడు. రెండో అంతస్తు మలుపులో కాలు మొరాయించింది. పైకీ పోలేడు, కిందికీ పోలేడు. మెట్టు మీద కూలబడి దాదాపు మూడు గంటలు ఉన్నాడట. ఆ దారిన వెళ్లినవాళ్లు "సలాం అకో, షికారా?" అని పలకరించి పోయారు. "అవును, గాలికి కూర్చున్నా" అన్నాడు. లేపమని మాత్రం ఎవర్నీ అడగలేదు. నేను వచ్చేసరికి పైజామా తడిసి, ఆ తడి మెట్టు మీదికి కూడా కారింది.

డామినో మిత్రులు నలుగురు వచ్చి కుర్చీలో పైకి మోశారు. వాళ్లలో లావుపాటి సైదముర్రాద్ నవ్వించబోయాడు.

"ఏం బాబూ, టిక్కెట్ లేకుండా ఎక్కేశావేం?"

మిర్జోషరీఫ్ కళ్లు మూసుకున్నాడు. ఇంటికి చేరేదాకా తెరవలేదు.

అప్పట్నుంచి మెట్ల మాటెత్తితే గోడవైపు తిరిగిపోయేవాడు. ఫర్జోనా మందలించింది, బతిమాలింది, కొత్త కాగితం రాసింది. గుమ్మం దగ్గర మళ్లీ మొదలెట్టింది. ఈసారి ఆ గుమ్మానికి నెలన్నర పట్టింది. ఎండాకాలం అయ్యాక ఆమె భర్త దగ్గరికి రష్యా వెళ్లిపోయింది. ఆమె స్థానంలో ఎవరూ రాలేదు. చలికాలంలో కరెంటు పోతూ వస్తూ ఉండేది. జులైఖో ఆయన్ని దుప్పట్లలో చుట్టి పనికి వెళ్లేది. కాలు కర్రలా బిగుసుకుంది.

నేను రోజూ వెళ్లేదాన్ని. నాకూ ఇంకేం తెలుసు? ఫర్జోనా చెప్పినట్టే చేయబోయాను.

"కిటికీ దాకా అనుకుందాం అకో."

"మొన్న అదే అన్నారు, కాలేదు. ఇంకొంచెం చిన్నది చెప్పండి."

"మంచం మీద కూర్చోవడం?"

"ఇంకా చిన్నది."

ఆయనే అన్నాడు. "చొక్కా గుండీలు. ఎడంచేత్తో. పండగ రోజు నా గుండీలు నేనే పెట్టుకుంటా. ఆరున్నాయి. అది కంటికి కనబడుతుందిగా?"

నెల రోజులు సాధన చేశాడు. ఒక్కొక్క రోజు రెండు, ఒక్కొక్క రోజు ఒకటీ కాదు. నౌరూజ్ నాడు జులైఖో, పండక్కి గోధుమ మొలకలతో వండే సుమనాక్ గిన్నెతో మా ఇంటికొచ్చి, "నాన్న గుండీలు ముట్టుకోనివ్వట్లేదు, మీరొకసారి రండి" అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

వెళ్లాను. తెల్ల చొక్కాలో దిండుకి ఆనుకుని ఉన్నాడు. మూడు గుండీలు పెట్టుకున్నాడు, అందులో ఒకటి తప్పు కాజాలో. పొద్దున ఏడింటి నుంచీ అదే పనిట. సావిట్లో చుట్టాలు ఎదురుచూస్తున్నారు.

"మూడయ్యాయి అకో" అన్నాను.

"సగం బస్సు ఎక్కడికీ పోదు టీచరమ్మా." చెయ్యి ఒళ్లో వదిలేశాడు. "పెట్టండి. అన్నీ విప్పి మళ్లీ పెట్టండి, వంకరగా ఉంది."

విప్పి, ఆరూ పెట్టాను. కాలరు సర్దాను. నా ముఖం చూడకుండా పైకప్పు కేసి చూస్తూ చిన్నపిల్లాడిలా గడ్డం ఎత్తి పట్టుకున్నాడు.

మర్నాడు వెళ్లి, ఇవాళ ఏం అనుకుందాం అని అడిగాను.

"ఏం వద్దు. కూర్చోండి" అన్నాడు.

కూర్చున్నాను.