మా ముత్తవ్వకు వచ్చిన భాష

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మా ఇంట్లో దయ్యాలను వెళ్లగొట్టేవాళ్లు ఉన్నారు గానీ, చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నాలుగు తరాలుగా మేం పెంతెకొస్తు వాళ్లం. ప్రార్థన మధ్యలో పక్కనున్నామె కళ్లు మూసుకుని, తనకే తెలియని మాటలు గడగడా పలకడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన దృశ్యం. మావాళ్లు దాన్ని భాషలు మాట్లాడటం అంటారు. పరిశుద్ధాత్మ దిగినదానికి గుర్తు అంటారు. నాకైతే అది ఉద్వేగం, అలవాటు, అంతే. ఈ విషయం మీద మా అమ్మతో ఉప్పల్ నుంచి చర్చి దాకా ఆటోలో ఎన్నిసార్లు గొడవపడ్డానో చెప్పలేను.

కాబట్టి ఇది నమ్మి రాస్తున్నది కాదు. జరిగింది, అందుకని రాస్తున్నాను.

మా నానమ్మ మిర్యాలగూడలో బాబాయి దగ్గర ఉంటుంది. ఎనభై ఎనిమిదేళ్లు. ఇంటి వెనకే రైస్ మిల్లులు. ఆదివారం ఆమె లేకుండా చర్చిలో పాట మొదలుకాదు. కానీ ఒక్క పని మాత్రం చెయ్యదు. ప్రభు బల్ల రోజున, అంటే యేసు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజున, రొట్టె పళ్లెం తన దగ్గరికి వస్తే, ముట్టుకోకుండా పక్కవాళ్లకు అందిస్తుంది. ద్రాక్షరసం కూడా అంతే. ఒప్పుకోని పాపం ఉన్నవాళ్లు బల్ల తీసుకోకూడదని మా వాళ్ల నియమం. పాటలు పాడే ముసలామెకు ఏం పాపం ఉంటుందని ఎవరూ అడగలేదు. టెన్త్‌లో ఉన్నప్పుడు నేను అడిగాను.

"నీ పని నువ్వు సూస్కో" అంది.

పోయినేడు పాస్టర్ గారు ఈ ప్రాంతపు తొలి విశ్వాసుల గురించి చిన్న పుస్తకం వేద్దామనుకున్నారు. మా ముత్తవ్వ, అంటే నానమ్మ వాళ్ల అమ్మ, అందులో ఉండాలన్నారు. ఆమె గురించి తెలిసింది నానమ్మకే. రికార్డు చేసుకురమ్మని అమ్మ నన్ను పంపింది. సణుక్కుంటూనే బస్సెక్కాను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వరండాలో కూర్చోబెట్టి ఫోన్ ఆన్ చేశాను. నానమ్మ ఫోన్‌ను కొంగుతో తుడిచి మళ్లీ నా ముందు పెట్టింది.

"పుస్తకం కోసమైతే ఒకటి చెప్త. నీకోసమైతే ఇంకోటి చెప్త. ఏది గావాలె?"

"నాకోసం చెప్పు" అన్నాను.

ఆమె చెప్పినది ఇది. నిజాం మీదికి యూనియన్ మిలిటరీ వచ్చిన ఏడు, 1948. వీళ్లది కోదాడ దగ్గర ఊరు. నానమ్మకు పదకొండేళ్లు. తండ్రి అంతకుముందే జ్వరంతో పోయాడు. ముత్తవ్వ పాత మిషన్‌లో జీతం మీద పనిచేసేది. గూడేలు తిరిగి ఆడవాళ్లకు అక్షరాలు, వాక్యం నేర్పేది. జనం బైబిలమ్మ అని పిలిచేవారు. పాత మిషన్ పద్ధతి అదే. ముందు పలక, తర్వాత మందుసీసా, ఆ తర్వాత మెల్లగా సువార్త.

ఆ ఎండాకాలం కోస్తా వైపు నుంచి ఒక కొత్త అయ్యగారు వచ్చాడు. తెల్లబట్టలు, చెప్పుల్లేవు. పలకలతో, మందులతో లోకం మారదన్నాడు. శక్తి కోసం కనిపెట్టాలి, అంటే ఉపవాసముండి ఎదురుచూడాలి, ఆత్మ వస్తే భాషలు వస్తాయి అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. దేవుడు నీకు ఏ భాష ఇస్తాడో, ఆ భాష మాట్లాడే జనం ఎక్కడో ఉంటారు. నిన్ను పంపేది వాళ్ల దగ్గరికే. బడి అక్కర్లేదు, దుబాసీ అక్కర్లేదు, లేచి పోవడమే.

(తర్వాత నేను వెతికి చదివాను. తొలినాళ్ల పెంతెకొస్తు మిషనరీలు చాలామంది నిజంగానే అలా నమ్మారట. ఓడలెక్కి దూరదేశాలకు పోయి, తమ మాట అక్కడ ఎవరికీ అర్థంకాక, చివరికి అక్షరాల దగ్గర నుంచి నేర్చుకున్నారట. మిగతావాళ్లు మెల్లగా ఆ బోధ మార్చుకున్నారు. ఈ అయ్యగారికి ఆ కబురు అందినట్టు లేదు.)

ఒక కొట్టంలో ఏడు రోజుల కనిపెట్టు కూడిక పెట్టారు. నాలుగోనాడు మిట్టమధ్యాహ్నం ముత్తవ్వ నోట భాష వచ్చింది. అందరికీ వచ్చినట్టు రోజుకో రకంగా రాలేదు. ఎప్పుడొచ్చినా అవే మాటలు. బావిలోంచి ఒక చేద నీళ్లు తోడేంతసేపు పలికి ఆగిపోయేది. విని విని నానమ్మకు నోటికి వచ్చేసింది.

ముత్తవ్వ ఇక ఆగలేదు. చెవుల కమ్మలు తీసేసింది. రెండు చీరలు, బైబిలు మూటకట్టి గుంజకు తగిలించింది. ఎవరి భాషో తెలిసిన రోజే బయల్దేరాలి. పిల్లను పెన్‌పహాడ్‌లో మేనమామ ఇంట్లో వదలాలి. మేనమామ సరేనన్నాడు. పిల్లను మాత్రం ఎవరూ అడగలేదు.

"గుంజకు మూట ఉందా లేదా అని పొద్దుగాల లేవంగనే సూసేదాన్ని. ఉంటే అవ్వ ఉన్నట్టు" అంది నానమ్మ. వాళ్లమ్మను ఆమె అవ్వ అనే అంటుంది.

ముత్తవ్వ ముందు తండాకు పోయింది. అక్కడి పెద్దమనిషి శ్రద్ధగా విని, "మా మాట గాదమ్మా. మాదైతే నీకు రోటీలు పెట్టి పంపుదును" అన్నాడు. సూర్యాపేట అంగడిలో దూరాల నుంచి వచ్చిన షావుకార్లను అడిగింది. ఒకాయన మాత్రం, "భాష ఏదోగానీ, బేరం జేసేటట్టు లేదు" అని నవ్వాడట. ఆమెకు కోపం రాలేదట. నాకైతే వింటుంటేనే వచ్చింది. ఆ అయ్యగారు దొరికితే అడిగేదాన్ని అన్నాను.

"నీకు ముక్కు మీదనే ఉంటది కోపం. చెప్పనియ్యవే" అంది నానమ్మ.

తర్వాత మిలిటరీ వచ్చింది. కోదాడ దారిన లారీలు వరసగా సూర్యాపేట వైపు పోయాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన సిపాయిలు. ముత్తవ్వకు అది దేవుడు పంపిన సంతలా కనిపించింది. కుండలో నీళ్లు పట్టుకుని, పిల్లను వెంటేసుకుని, కోదాడ శివారులో ఆగిన లారీల దగ్గరికి పోయింది. ఒక్కొక్కరికి నీళ్లు పోయడం, ఆ మాటలు చెప్పడం. వాళ్లు నవ్వడం, నీళ్లు తాగడం.

ఒక లారీకి అవతల ముత్తవ్వ నీళ్లు పోస్తోంది. ఇవతల పొట్టిగా, నల్లగా ఉన్న ఒక సిపాయి చక్రం బిగిస్తున్నాడు. నానమ్మ అతని దగ్గర నిలబడి, ఊరికే, నోటికొచ్చినవి కాబట్టి ఆ మాటలు అనేసింది.

అతని చేతిలో పానా ఆగిపోయింది. మళ్లీ అనమని చేత్తో సైగ చేశాడు. ఈసారి పిల్లతో పాటు తనూ పెదవులు కదిపాడు. తర్వాత అదే యాసలో ఏదో చెప్పాడు. కళ్లలో నీళ్లు. లేచి పిల్ల చెయ్యి పట్టుకుని, లారీ చుట్టూ తిప్పి తీసుకుపోయి, ముత్తవ్వ చేతిలో పెట్టాడు. ఇంకేదో చెప్పబోయేలోపు విజిల్ వేశారు. అతను పరిగెత్తి లారీ ఎక్కాడు.

"ఏమన్నడే?" అని అడిగింది ముత్తవ్వ.

ఆ భాష మాట్లాడేవాళ్లు దొరికారని చెబితే అవ్వ ఆ లారీ వెంటే పోతుందని పిల్లకు తెలుసు. ఒక్క అబద్ధం ఆడింది.

"లారీల నడుమ తిరుగుతున్ననంట. పిల్ల చెయ్యి పట్టుకో, ఇడువకు అంటున్నడవ్వా."

ముత్తవ్వ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆ రోజు తర్వాత ఆమెకు ఆ భాష మళ్లీ రాలేదు. కొన్నాళ్లు గుర్తున్న మాటలతోనే రోడ్డు మీదికి పోయి అడిగింది. తర్వాత మూట విప్పేసింది. మళ్లీ పలకలు పట్టి గూడెం ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించింది. నానమ్మకు ముప్పై ఏళ్లప్పుడు పోయింది. పోయేముందు అన్న మాట, "ఎవరి భాషో తెల్వకనే పోతున్న బిడ్డా."

"తెల్సిన దాన్ని నేను పక్కనే కూసున్న. నోరు రాలె. గా నోటితోని బల్లెట్ల తీసుకుంట?" అంది నానమ్మ.

ఆ మాటలు గుర్తున్నాయా అని అడిగి వేరే ఫైల్‌లో రికార్డు చేశాను. ఇరవై రెండు సెకన్లు. అందులో తెలుగు మాట ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం భాషను గుర్తుపట్టే యాప్‌లు మూడు పెట్టి చూశాను. ఒక్కోటి ఒక్కో దేశం పేరు చెప్పింది. పొద్దున్నే మెట్ల మీద కూర్చుని చిరాకుగా మళ్లీ మళ్లీ ప్లే చేస్తున్నాను. నానమ్మ లోపల స్నానానికి పోయింది.

పక్క గదుల్లో మిల్లు పనికి వచ్చిన జార్ఖండ్ వాళ్లు కిరాయికి ఉంటారు. కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతున్న ఒకామె లేచి, సబ్బు చేతులతోనే గేటు దాకా వచ్చింది. వచ్చి నెల కూడా కాలేదు. మా ఇంటివాళ్లతో ఇంకా మాటలు కలవలేదు. హిందీలో అడిగింది.

"మీ ఇంట్లో మా ఊరి ముసలామె ఎవరున్నారు?"

ఎవరూ లేరన్నాను. మరి ఇది మా కొండల మాట కదా అంది. ఇప్పటివాళ్లు ఇలా అనరట, వాళ్ల అమ్మమ్మ మాట్లాడినట్టు ఉందట. ఏమంటోందని అడిగాను. సగం తెలియడం లేదని, మిగతా సగం చెప్పింది.

"పోవద్దు అంటోంది. పిల్ల చెయ్యి పట్టుకో, వదలకు అంటోంది."

నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. నీకు ఎవరు చెప్పారు, ఎవరు నేర్పి పంపారు అని గట్టిగానే అరిచాను. ఆమె బిత్తరపోయి కుళాయి దగ్గరికి వెళ్లిపోయింది. పది నిమిషాల తర్వాత వెళ్లి క్షమించమన్నాను. ఆమె చేత వాళ్ల ఊళ్లో ఉన్న అత్తకు ఫోన్ చేయించాను. ఏమీ చెప్పకుండా రికార్డింగ్ వినిపించమన్నాను. అత్త కూడా చెయ్యి వదలొద్దనే చెప్పింది. అదే మిల్లులో వాళ్ల జిల్లా వాళ్లే ఇంకొకరు విని, నాకు అర్థం కాలేదన్నారు. అదీ రాస్తున్నాను, దాచడం లేదు.

నేను ఆలోచించినవి ఇవి. ఆ కొండల నుంచి ఎవరో కూలీలు ఎప్పుడో ఈ దారిన వస్తే ముత్తవ్వ విని ఉండొచ్చు. అలా వచ్చినట్టు నానమ్మకు తెలియదు. ఇన్నేళ్లలో నానమ్మ నోట ఆ మాటలు అరిగి మారి ఉండొచ్చు. అయితే మారి మారి సరిగ్గా ఈ అర్థానికే ఎందుకు వచ్చాయి? పదకొండేళ్ల పిల్ల భయంతో అప్పటికప్పుడు అల్లిన అబద్ధం, తనకు తెలియని ఆ మాటల అర్థంతో ఎలా కలిసింది?

నానమ్మకు చెప్పాను. తల తుడుచుకుంటున్న తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, ఇంకోసారి చెప్పమంది. చెప్పాను.

"అవ్వకు నిజమే చెప్పిననా అయితే?"

"చెప్పినవ్ నానమ్మా."

"పొమ్మని గాదు గదా?"

"కాదు."

ఆమె మళ్లీ తల తుడుచుకోవడం మొదలుపెట్టింది. పుస్తకంలో రాయమంటావా అని అడిగితే, "పాస్టరయ్యగారికి నేనే చెప్త. నువ్వైతే గరమైతవ్" అంది.

ఆ ఆదివారం బల్ల ఉంది. నేను నానమ్మ పక్కన కూర్చున్నాను. పళ్లెం వచ్చింది. అలవాటు కొద్దీ పక్కామె ముందే చెయ్యి చాచింది. నానమ్మ పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. రొట్టె తుంచడానికి ఆమెకు చాలాసేపు పట్టింది, ఎందుకంటే ఒక్క చేత్తోనే తుంచింది. రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆరాధన అయ్యేదాకా వదల్లేదు.